వెంట్రుకవాసి పక్కకు

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురు సందులో విద్యాసాగర్ ఇరవై రెండేండ్లు పెండ్లి కార్డులు అచ్చు వేశాడు. చెక్క ఫ్రేముకు బిగించిన జాలిబట్ట మీద ఇంకు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క గుంజు గుంజితే కింద కార్డు మీద వినాయకుడు దిగేవాడు. ఎరుపు తర్వాత పసుపు, దాని మీద బంగారు రంగు. రంగు మీద రంగు వెంట్రుకవాసి కూడా జరగదని కందుకూరు దాకా పేరుండేది. పెండ్లి పిలుపులు ఫోన్లలోకి పోయినంక గిరాకీ పడిపోయింది, పేరు మాత్రం మిగిలింది. దాన్నే పట్టుకుని ఉన్నాడు.

భార్య మనోజ దుకాణానికి వచ్చేది కార్డులు ఆరబెట్టడానికే. వాడని కవర్లు మూలకు పేరుకుపోతుంటే చూడలేక ఒకనాడు వాటిని చింపి నీళ్లలో నానబెట్టింది. మొక్కజొన్న పొట్టు ఉడకబెట్టి, దంచి అందులో కలిపింది. ఆ గుజ్జును భర్త పక్కన పడేసిన పాత ఫ్రేముతో ముంచి తీసి ఎండబెడితే మందపాటి గరుకు కాగితం వచ్చింది. దాని మీద వేపరెమ్మ పరిచి, పైన జాలి పెట్టి ఇంకు గుంజింది. రెమ్మ ఉన్నచోట ఇంకు దిగక తెల్లగా మిగిలింది.

"గిదేం కాగితమే? గిదేం అచ్చు?" అని నవ్వాడు విద్యాసాగర్.

ఆ నవ్వు ఆరు నెలలు నిలవలేదు. ఆదిభట్లలో ఉద్యోగం చేసే హర్షిత అనే అమ్మాయి విజిటింగ్ కార్డుల కోసం వచ్చి, దండెం మీద ఆరుతున్న ఆ కాగితాల ముందు నిలబడిపోయింది. ఆమె స్నేహితులు హైదరాబాదులో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారట. అక్కడ పెట్టడానికి పన్నెండు కాగితాలు కావాలని మనోజను అడిగింది. పోతూ పోతూ విద్యాసాగర్‌తో, "అంకుల్, మీరు కూడా మేడంకు హెల్ప్ చేస్తారా?" అంది.

ఆ మాట అతనికి అన్నం దగ్గర గుర్తొచ్చింది, స్నానం దగ్గర గుర్తొచ్చింది. జాలి నాది, ఇంకు నాది, గుంజుడు నన్ను చూసే నేర్చుకుంది అనుకున్నాడు. ఎవరైనా వచ్చి మనోజను అడిగితే, ఆమె లోపల గుజ్జు కలుపుతుండగానే, ఊరికి పోయిందని చెప్పి పంపడం మొదలుపెట్టాడు.

మనోజకు ఆ పన్నెండింటికీ మూడు రంగులు పెట్టాలని ఉంది. రంగు మీద రంగు కుదర్చడం ఆమెకు రాదు. "నువ్వైతేనే అయితది. జర గుంజిపెట్టు" అని అడిగింది. సరేనన్నాడు. రెండు రంగులు నిక్కచ్చిగా వేశాడు. మూడోదానికి ఫ్రేమును బొటనవేలితో కొంచెం పక్కకు నెట్టాడు. పన్నెండూ అట్లనే గుంజాడు. చేతులు కడుక్కుంటుంటే కడుపు చల్లబడినట్టయింది, కాగితాల వైపు మాత్రం మళ్లీ చూడలేదు.

మనోజ ఒక్కొక్క కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. పదిహేనేండ్లు అతని కార్డులు ఆరబెట్టిన మనిషి.

"నీ చెయ్యి తప్పదు" అంది. "తప్పిచ్చినవ్."

అతను గోడ వైపు చూశాడు. "అవ్. తప్పిచ్చిన."

"నా మీద గంత కుళ్లు పెట్టుకున్నవా?"

"ఎవరొచ్చినా నిన్నే అడుగుతున్నరు. నేను గీడ ఉన్నట్టే లేదు వాళ్లకు."

"నాకు చెప్పొచ్చు గద."

తిట్టలేదు. పన్నెండు కాగితాలూ చింపి తొట్టిలో వేసింది. వారం రోజులు మళ్లీ గుజ్జు, మళ్లీ ఎండ. ఈసారి ఒక్క నలుపుతో తానే గుంజుకుంది. అతన్ని పిలవలేదు.

ప్రదర్శన రోజు పిలవకుండానే ఆమె వెనక బస్సెక్కాడు. గోడకు కట్టిన కాగితాల దగ్గరికి పోయి తప్పులు వెతికాడు. రెండు చోట్ల ఇంకు పలచబడింది, ఒకచోట మరక. అయినా కదలబుద్ధి కాలేదు. తాను వేల కార్డులు వేశాడు గానీ, ఏ ఒక్కదాని ముందూ ఇంతసేపు నిలబడలేదు. అది తోచేసరికి లోపల ఇంకా మండింది.

తిరుగు బస్సులో అడిగాడు, "ఇంకోసారి మూడు రంగులు పెడ్తవా?"

"పెడ్త. నువ్వు మళ్ల జరుపుతవా?"

"జరప."

"చూస్త" అని ఆమె కిటికీ వైపు తిరిగింది.

ఇప్పుడు రంగులన్నీ అతనే వేస్తాడు. మొదటి నాలుగు నెలలు ఆమె పక్కనే నిలబడి ప్రతి కాగితమూ చూసేది. ఈ మధ్య మానేసింది. అతని కుళ్లు మాత్రం పోలేదు. మొన్న ఒక కాలేజీ వాళ్లు పిల్లలకు చూపించమని ఆమె ఒక్కదాన్నే రమ్మంటే, రెండు రోజులు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు కాగితాలు అట్టపెట్టెలో తానే సర్ది, ఆమెను బండి మీద అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఆ కాలేజీ దగ్గర దింపి వచ్చాడు.