ఎడమ పక్క స్పీకరు

కుట్టుమిషన్లు నడుస్తున్న హాలు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, "మూడో వరస, చివరి మిషను. సూది ఎక్కడో రాసుకుంటోంది చూడండి" అని చెప్పగల మనిషాయన. అక్కడ అందరూ మెకానిక్ గారనే పిలుస్తారు. పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాడైన మిషన్లు విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు.

ఈ మధ్య గుమ్మంలో నిలబడితే ఏమీ తెలియడం లేదు. చప్పుడైతే వినిపిస్తుంది, ఎటు నుంచి వస్తోందో అంతుపట్టదు. ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంటుంది. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక్కో మిషను దగ్గరికీ పోతున్నాడు. మొన మిషను ఒంటికి, పిడి కుడి చెవి వెనక ఎముకకు ఆనిస్తే లోపలి చప్పుడంతా తలలోకి వచ్చేస్తుంది.

"మెకానిక్ గారికి మిషన్ల మీద ప్రేమ ముదిరిందర్రా, ఒక్కోదాన్నీ కావలించుకుంటున్నారు" అని కుట్టేవాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. సూపర్‌వైజరు మాత్రం నవ్వకుండా అడిగాడు: "ఈ మధ్య బాగా ఆలస్యమవుతోంది, ఏంటండీ సంగతి?"

ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే భయం. చెవి పోయిన మెకానిక్‌ని ఎవరు ఉంచుకుంటారు?

ఇంట్లో టీవీ సౌండు ఆయన పెంచేవాడు, భార్య తగ్గించేది. "దీని గొంతు పోయిందండీ" అందామె ఒకరోజు. ఆయన ఠక్కున ఒప్పుకున్నాడు. టీవీ వెనక మూత విప్పి, లోపలి స్పీకర్లు మార్చి, తీగలు మళ్లీ అతికించాడు. "ఇప్పుడు ఖంగుమంటోంది" అందామె. ఆయనకేమీ తేడా తెలియలేదు, మళ్లీ సౌండు పెంచాడు. తప్పు తనలోనే ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా ఇంకో స్క్రూ విప్పేవాడు.

చివరికి వంటింట్లో ఫ్యాను పెట్టించుకుందామని దాచిన డబ్బు తీసి, "పోనీ మంచి స్పీకర్లే కొనుక్కుందాం, మీ ఇద్దరి పోరూ వదులుతుంది" అందామె. ఇద్దరంటే ఆయనా, టీవీ.

ఆదివారం ముగ్గురూ స్పీకర్ల కొట్టుకు వెళ్లారు. మూడో మనిషి ఆవిడ తమ్ముడు. కొట్టాయన వాళ్ల డబ్బుకు సరిపడేవి రెండు జతలు చూపించాడు. ఒకటి కొత్తది, రంగురంగుల లైట్లు. ఇంకోటి ఎవరో వాడి ఇచ్చేసిన చెక్క పెట్టెలు.

"లైట్లున్నది తీసుకో బావా. పాట నచ్చకపోతే చూస్తూ కూర్చోవచ్చు" అన్నాడు బావమరిది.

మెకానిక్ వేలి కణుపుతో రెంటినీ తట్టాడు. "అది డొల్ల. ఇది పెట్టె" అన్నాడు. చెక్క జత వెనక్కి తిప్పి మూలలు తడిమి చూశాడు. ఎవరో శ్రద్ధగా చేసిన పని. ఎక్కడా జిగురు పొంగలేదు, స్క్రూ తలలు చెడలేదు.

కొట్టాయన రెండు పెట్టెల్నీ దూరంగా ఉంచి, మధ్యకు కుర్చీ జరిపాడు. "ఒకటే పరీక్ష సార్. గొంతు సరిగ్గా నడి మధ్యలోంచి రావాలి."

పాట మొదలైంది. పాడే మనిషి గొంతు ఆయన కుడి పక్కకు వచ్చి నిలబడింది.

"ఎడమది సరిగ్గా మోగట్లేదు" అన్నాడు.

"లేదు సార్, రెండూ ఒకటే."

"మధ్యలోంచే వస్తోంది కదా బావా!"

"తీగలు అటుది ఇటు మార్చండి" అన్నాడు మెకానిక్. ఎడమ పెట్టెదే లోపమైతే ఇప్పుడూ అది తక్కువగానే మోగాలి. తీగదైతే లోపం కుడికి పోవాలి. కుడికి పోతే చాలు, ఆ తీగకు దండం పెట్టేవాడు.

కొట్టాయన తీగలు మార్చాడు. పాడే మనిషి కుడి పక్కనే ఉంది.

"ఇప్పుడు?"

బాగుందనేస్తే అయిపోయేది. కానీ చూసిన పని గురించి అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. "ఇంకా ఎడమదే. పెట్టెలోనే ఉంది తప్పు."

"పాపం దానికేం తెలుసు బావా, నిన్ను చూసి జడుసుకున్నట్టుంది."

భార్య నవ్వలేదు. ఇందాకటి నుంచి పెట్టెల్ని కాదు, భర్త మొహాన్నే చూస్తోంది. "ఏమండీ, ఒక్కసారి అటు తిరిగి కూర్చోండి."

ఆయన కుర్చీ తిప్పి గోడకేసి కూర్చున్నాడు.

"ఇప్పుడు ఏది తక్కువ మోగుతోంది?"

ఆయన చెయ్యెత్తి చూపించాడు. ఇందాక కుడి పక్క గట్టిగా మోగిన పెట్టెనే. కొట్టాయన సౌండు తగ్గించాడు.

మెకానిక్ లేచి, చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇన్నాళ్లూ దాన్ని ఎడమ చెవి వెనక ఒక్కసారీ పెట్టుకోలేదు. పెడితే ఏం తెలుస్తుందోనని భయం. మొన చెక్కకు ఆనించి, కళ్లు మూసుకుని, పిడిని ఎడమ చెవి వెనక్కి నొక్కాడు.

పాట నిండుగా వచ్చింది. కుడి పక్కకంటే గట్టిగా వచ్చింది.

"చెవి లోపల మోగుతోందే" అన్నాడు. "బయటి నుంచే పోవట్లేదు. లోపల తీగ తెగినట్టు లేదు."

"ఎన్నాళ్ల నుంచి?" అందామె.

"మొన్నటి వానల నుంచి."

"వానల నుంచా! చెవిలో తప్పు పెట్టుకుని టీవీ విప్పుతారా? నన్ను దాని గొంతు పోయిందనుకోనిస్తారా?" అని కొట్టాయన వైపు తిరిగింది. "బాబూ, ఇప్పుడేం కొనం. ముందు ఈయన్ని చెవి డాక్టరుకి చూపించాలి."

ఆయన గాభరాగా వీధిలోకి చూశాడు, కుట్టుమిషన్ల యూనిట్ వాళ్లెవరైనా విన్నారేమోనని. ఎవరూ లేరు. స్పీకర్ల డబ్బు ఆమె చేతిసంచిలోకి తిరిగి వెళ్లిపోయింది. డాక్టరు ఏమంటాడో, ఆ డబ్బు దానికి చాలుతుందో లేదో, ఈలోగా సూపర్‌వైజరు మళ్లీ అడిగితే ఏం చెప్పాలో, అన్నీ ఒక్కసారే చుట్టుముట్టాయి.

అయినా మెట్టు దిగబోతూ ఆగాడు. "ఆ చెక్క జతలో తప్పేం లేదండీ. నేను చెప్పింది పట్టించుకోకండి. వచ్చిన వాళ్లకి ధైర్యంగా అమ్ముకోండి."

"మీరొచ్చి వినేదాకా ఉంచుతాను సార్" అన్నాడు కొట్టాయన.

రోడ్డెక్కాక భార్య ఎప్పటిలా ఎడమ పక్కన నడుస్తూ ఏదో అడిగింది. జవాబు రాలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, చుట్టూ తిరిగి ఆయన కుడి పక్కకు వచ్చి, మళ్లీ మొదటి నుంచి అడిగింది.