డ్రైవరమ్మను దాటి ఎవరూ నడవకూడదు

మా పల్లె బడిలో పదో తరగతి గట్టెక్కిన ఆడపిల్లల్లో నేనే మొదటిదాన్ని. మా డిపోలో టికెట్ల సంచీ భుజాన వేసుకున్న మొదటి ఆడమనిషినీ నేనే. గొప్పకు చెప్పడం లేదని అనను, గొప్పకే చెబుతున్నాను. కదిలే బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్టు చింపడం ఎంత విద్యో చేసినవాళ్లకే తెలుసు. వెనక సీట్లో ఒకామెకు పురుడు పోశాను. తాగి ఎక్కిన వస్తాదును కాలరు పట్టి దింపాను. చంటిపిల్లతో పరిగెత్తుకొచ్చే తల్లిని చూసి కూడా "రైట్" చెప్పిన పాపం నా ఖాతాలో లేదు. రిటైరైన రోజున గోడ గడియారం బహుమానంగా ఇచ్చారు. నా గదిలో ఇప్పుడు దాని గొంతు తప్ప వేరే గొంతు లేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. పిల్లలు కలగలేదు. మూడో అంతస్తులో ఒకే గది, ఒకే పొయ్యి, ఒకే కంచం. బతుకంతా జనంలో ఒరుసుకుంటూ తిరిగినదాన్ని, ఇప్పుడు భుజానికి మరో భుజం తగలాలంటే మార్కెట్టుకు పోవాలి.

నా గది కిందనే ఒక కుటుంబం ఉండేది. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. తల్లి బట్టల కొట్లో పని చేసేది. తొమ్మిదేళ్ల కూతురు ఒక్కతే. ఒకరోజు ఆ పిల్ల మెట్ల మలుపులో కూర్చుని రొప్పుతుంటే చూశాను. తల్లి పక్కన నిలబడి ఉంది.

"ఏమే, రెండు మెట్లకే ఇంజను వేడెక్కిందా?" అన్నాను నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. తల్లి కళ్లు తుడుచుకుంది.

"డాక్టరు గట్టిగా చెప్పాడు పిన్నిగారూ. దీని బరువును ఇప్పుడే దారిలో పెట్టకపోతే పెద్దయ్యాక షుగరూ బీపీ వరస కడతాయట. తిండి మార్చండి, పిల్లను కదిలించండి అన్నాడు. ఎలా కదిలించను? ఆడుకోవడానికి కిందికి పోతే 'బస్తా వచ్చిందిరోయ్' అంటారట. ఇల్లు కదలడం మానేసింది. ఆటో మానిపించి బడికి నడిపిద్దామంటే, తోడు పోయే తీరిక మాకెక్కడిది?"

"నేను చచ్చానా?" అన్నాను.

ఆ సాయంత్రమే పెట్టె అడుగున ఉన్న విజిల్ తీసి తోమి పెట్టుకున్నాను. ఆ పిల్ల తేలిగ్గా ఊపిరి తీసుకోవాలి, తలెత్తుకుని నలుగురు పిల్లల్లో కలవాలి. పట్టుకుంటే వదిలే రకాన్ని కాను నేను.

అలా మొదలైంది మా నడిచే బస్సు. టైర్లుండవు, కాళ్లే. వీధి మలుపులే స్టాపులు. ఒక విజిల్ కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. మొదట మేమిద్దరమే. పోనుపోను ఈ ఇంట్లోంచి ఒకడు, ఆ ఇంట్లోంచి ఇద్దరు వచ్చి చేరారు. ఎవరి సంచీ వాళ్లే మోయాలని ముందే చెప్పాను. పిల్లలు నాకు విజిలమ్మమ్మ అని పేరు పెట్టారు.

కండక్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? వెనకుండి తోలడం నాకు అలవాటు. చురుకైనవాళ్లు ముందు, ఆ పిల్ల చిట్టచివర, దాని వెనక నేను. "నడు నడు, టైమైపోతోంది" అని ఒకటే పోరు. ఒకరోజు పాత మిల్లు గోడ దగ్గర ఎత్తు ఎక్కేచోట ఆ పిల్ల చతికిలబడింది.

"నేను రాను. నావల్ల అందరికీ లేటు. రేపటినుంచి ఆటోలోనే పోతా."

ముందునుంచి ఒక బక్కవాడు అరిచాడు: "బస్తా పంక్చరైందిరోయ్!"

ఒక్క విజిల్ కొట్టాను. అంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"ఒరేయ్ బక్కోడా, బస్సులో డ్రైవరెక్కడుంటాడు?"

"ముందు."

"డ్రైవరును దాటి పాసింజరు పోగలడా?"

"ఎలా పోతాడు?"

"అయితే ఇవాళ్టినుంచి ఇదే మన డ్రైవరు. డ్రైవరమ్మను దాటి ఎవరూ నడవకూడదు. దాటినవాణ్ణి నడిరోడ్డు మీద దింపేస్తా."

"అయితే మనం సాయంత్రానికి చేరతాం!"

"ఎడ్లబండయినా ఊరు చేరుతుందిరా. నోరు మూసుకుని ఎక్కు."

పిల్ల లేచింది. మెల్లగా ముందుకెళ్లి నిలబడింది. వెనక్కి చూడబోతే చెప్పాను, "డ్రైవరు వెనక్కి చూడకూడదే, రోడ్డు చూడాలి." దాని ముందు ఇక ఒక్క వీపూ లేదు, రోడ్డే ఉంది. మర్నాటినుంచి కాస్త పెందలాడే బయల్దేరాం, అంతే. బస్తా అనే పేరు మిల్లు గోడ దగ్గరే దిగిపోయింది.

దారిలో బేకరీ ఉంది. ఆటో రోజుల్లో పిల్లలు దిగి క్రీం బన్నులు కొనుక్కునేవారట. వాసనకే కాళ్లు లాగేవి.

"అమ్మమ్మా, ఒక్క నిమిషం ఆపవా?"

"ఇది ఎక్స్‌ప్రెస్. ఇక్కడ స్టాపు లేదు."

"ఎప్పటికీ లేదా?"

"శనివారం ఉంది. మనిషికొకటి."

పూర్తిగా వద్దంటే దొంగచాటుగా తింటారు. బస్సులో సీటు కింద దూరి టికెట్టెగ్గొట్టేవాళ్లను చూసిన అనుభవం అది. మిగతా రోజుల్లో నా సంచీలో జామకాయ ముక్కలో, ఉడికించిన వేరుశనగలో ఉండేవి.

అయితే నడక ఒక్కటే చాలదని ఒక సాయంత్రం తెలిసింది. పిల్ల మెడలో తాళంచెవి వేసుకుని బడినుంచి వచ్చేది. తల్లి చీకటిపడ్డాకే వచ్చేది. నేను కిందికి దిగి చూస్తే టీవీ ముందు చిప్సు పొట్లంతో కూర్చుని ఉంది.

"కడుపడిగిందా, నోరడిగిందా?" అన్నాను.

"రెండూ అడగలేదు అమ్మమ్మా. ఇంట్లో ఎవరూ ఉండరుగా. నములుతుంటే చప్పుడుంటుంది."

నా గదిలో రస్కుల డబ్బా పొద్దువాలగానే ఎందుకు తెరుచుకుంటుందో నాకు తెలుసు.

"చప్పుడే కావాలంటే పైకి రా," అన్నాను. "కీరా ముక్కకు ఇంతకంటే పెద్ద చప్పుడుంది."

ఆనాటినుంచి సాయంత్రాలు పైనే. నేను తరిగేదాన్ని, అది కొరికేది. ఎవరి చప్పుడు పెద్దదని పందెం. తర్వాత మేడమీద తాడాట. ఒక కొస కమ్మీకి కట్టి తాడు తిప్పడం నా వంతు. దాని తల్లికీ చెప్పాను: "అమ్మాయ్, పిల్లకొక వంట, మీకొక వంట వద్దు. ఇంటిల్లిపాదీ ఒకటే తినండి, టీవీ కట్టేసి తినండి. రోజూ తూకం చూసి దాన్ని ఏడిపించకు." ఆ తల్లి కూల్‌డ్రింకు సీసాలు కొనడం మానేసింది.

ఏడాది తిరిగేసరికి డాక్టరు భేష్ అన్నాడట. పిల్ల పుల్లలా అయిపోలేదు, బొద్దుగానే ఉంది. పొడుగు సాగింది. ఒక్క ఊపున మా అంతస్తు ఎక్కి తలుపు కొట్టేది. బడిలో బంతాట జట్టులో కూడా చేరింది.

జట్టులో చేరాక సాయంత్రాలు మైదానానికి పోయాయి. నేను అలవాటుకొద్దీ రెండు కీరాలు తరిగి, ఒకటి మూతపెట్టి ఉంచేదాన్ని. పెద్ద తరగతులకు పోయినవాళ్లు సైకిళ్లెక్కారు. నడిచే బస్సులో సీట్లు ఖాళీ అవుతూ వచ్చాయి. చివరికి మొదట్లోలాగే మేమిద్దరమే మిగిలాం.

ఒకరోజు తల్లి పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "పిన్నిగారూ, రేపొక్కరోజే మీతో వస్తుంది. ఆ తర్వాత స్నేహితులతో పోతానంటోంది. మీరేమీ అనుకోరు కదా?"

"అనుకోవడమేంటి? లైసెన్సు ఇచ్చింది నేనే కదా!" అన్నాను. తలుపు వేశాక గడియారం ఎప్పటికంటే గట్టిగా వినిపించింది.

మర్నాడు మిల్లు గోడ దాకా దాని వెనకే నడిచాను. ఎత్తు చివర బంతాట పిల్లలు నిలబడి ఉన్నారు. "డ్రైవరమ్మా, రా త్వరగా!" అని కేకలు. వాళ్లలో ఆ బక్కోడూ ఉన్నాడు.

"అమ్మమ్మా, పరిగెత్తనా?"

విజిల్ నా పెదాల మధ్యనే ఉంది. ఒక్కటి కొడితే ఆగిపోతుంది. ఎందుకని కూడా అడగదు, అంత బాగా నేర్పాను.

రెండు కొట్టాను.

సంచీ వీపుమీద ఎగురుతుంటే ఎత్తంతా పరుగున ఎక్కేసింది. వెనక్కి చూడలేదు. చూడకూడదని నేర్పింది నేనే. ఇంత సర్వీసులో అంత ఒడుపుగా బండి నడిపిన డ్రైవరును నేను చూడలేదు.

గదికి వచ్చి కీరా తరిగాను, ఒక్కటే. గడియారం కింద కూర్చుని ఒక ముక్క కొరికాను. పిల్ల చెప్పింది నిజమే, చప్పుడు బాగానే ఉంటుంది.