లైను తెగని ఇల్లు

ఖాజాగూడలో నేను అద్దెకుండే ఫ్లాటులో రెండు పడగ్గదులు. ఒకటి నాది. రెండోది చాలా ఏళ్ళు నా స్నేహితురాలిది. ఆమెది మెదక్ వైపు పల్లె, నాది అనంతపురం జిల్లా. ఇద్దరమూ పెళ్ళి మాట ఎత్తినవాళ్ళను కసిరి పంపించే బాపతే. ఆమె తమ్ముడితో కలిసి బాచుపల్లిలో సొంత ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాక, ఆ గదిలో నేను బట్టలు ఆరేసుకోవడం మొదలుపెట్టాను. గది ఖాళీగా ఉందని ఒప్పుకోవడం ఇష్టం లేక చేసిన పని అది.

వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని ఆమె కంపెనీ పట్టుబట్టినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆఫీసు మా ఇంటికి దగ్గర, బాచుపల్లికి దూరం. పగలంతా ఆఫీసు, సాయంత్రమైతే అమెరికా వాళ్ళతో మీటింగులు. మంగళవారం వచ్చి గురువారం దాకా నా దగ్గరే ఉండి పొమ్మన్నాను. వచ్చింది. మొదటి సాయంత్రమే, క్లయింటు ముందు మాట్లాడుతుండగా మా ఇంటి నెట్ పోయింది. వచ్చింది, మళ్ళీ పోయింది. ఆమె మేనేజరు ఏమన్నాడో నాకు చెప్పలేదు గానీ మొహం చూస్తే తెలిసిపోయింది.

"నీ నెట్ సెట్ అయితే వస్తనే. లేకుంటె ఆఫీస్ పక్కన హాస్టల్ల బెడ్ తీసుకుంట. ఏం జెయ్యాలె చెప్పు, నౌకరి ఉండాలె గద," అంది పొద్దున బ్యాగు సర్దుకుంటూ.

"ఒక నెల ఆగు మే. నేను చూస్తా," అన్నాను.

నేను నెట్‌వర్క్ ఇంజనీరును. ఆఫీసులో నా చేతి కింద దేశాలు దాటిపోయే లైన్లున్నాయి. ఇంట్లో మాత్రం కేబుల్ అతను బిగించి పోయిన తెల్ల డబ్బాయే గతి. కాస్త బరువు పడితే చాలు, అది అలిగి పడుకుంటుంది. దాన్ని తీసేసి, ఫైర్‌వాల్ నేనే కట్టుకుందామనుకున్నాను. ఫైర్‌వాల్ అంటే మరేం లేదు, ఇంటి నెట్‌కు కాపలా ఉండే కంప్యూటరు. ఏది లోపలికి రావచ్చు, ఏది రాకూడదు, ఎవరి పనికి ముందు దారి ఇవ్వాలి అన్నది అదే చూసుకుంటుంది. కట్టి అమ్మేదే కొనుక్కోవచ్చు. కానీ పప్పులో ఉప్పు కూడా ఇంకొకరు వేస్తే నాకు నమ్మకం కుదరదు.

లెక్క తేలికే. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటరొకటి, అందులో ఉచితంగా దొరికే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేరు. రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు, ఒకటి పోతే ఇంకొకటి. రెండు తీగలు బయటినుంచి లోపలికి, ఒకటి ఇంట్లోకి. అంటే తీగలు గుచ్చడానికి మూడు పోర్టులు కావాలి. కంప్యూటరుకు ఒకటి ఎలాగూ ఉంటుంది, రెండు పోర్టుల కార్డు ఒకటి తగిలిస్తే సరి. చిక్కంతా ఆ కార్డుతోనే. ఆ సాఫ్ట్‌వేరుకు అన్ని చిప్పులూ పడవు. కొన్నిటిని గుర్తే పట్టదు. కొన్నిటిని గుర్తుపట్టి, పని మధ్యలో మొహం చాటేస్తుంది. ఏవి కలుస్తాయో ఏవి కలవవో వాడినవాళ్ళు ఇంటర్నెట్‌లో రాసిపెట్టారు, అదంతా చదువుకోవాలి. నా జాతకం ఎవరి చేతికీ ఇవ్వని నేను, కార్డుల జాతకాలు ముందేసుకుని వారం రోజులు కూర్చున్నాను.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకచోటుండే బిల్డింగుకు వెళ్ళాను. కంప్యూటరు త్వరగానే దొరికింది. సన్నటిది, చప్పుడు చేయనిది. ఆమెకు ఫ్యాను గోల పడదు. కార్డు దగ్గర దుకాణదారుడితో పేచీ వచ్చింది.

"చిప్పు నంబరేంది?" అన్నాను, అతని యాసలో అడిగితే నిజం చెబుతాడేమోనని.

"చిప్పుతోని ఏం పని మేడం? పెట్టంగనే లైట్ వెలుగుతది. లైట్ వెలిగినంక ఇంకేం గావాలె? జర భరోసా పెట్టుండ్రి."

పెట్టె మీద నేను కోరుకున్న పేరే ఉంది. భరోసా పెట్టాను. లైటూ వెలిగింది. అతను అబద్ధమేమీ చెప్పలేదు.

పరీక్ష పెట్టకుండా ఆమెను పిలవకూడదనుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తెర ఉన్న వస్తువులన్నీ బయటికి తీశాను. టీవీలో క్రికెట్, ఫోన్లో వంటలు, ఒక ల్యాప్‌టాప్‌లో ప్రవచనం, ఇంకో దాంట్లో ఎవరో ఇంగ్లీషులో స్టాక్ మార్కెట్ గురించి మాట్లాడుతున్నారు. అన్నీ ఒకేసారి. నెట్ మీద ఎంత బరువు పడితే అంత మంచిది. ఎదురు ఫ్లాటులో ఉండే భీమవరం ఆవిడ తలుపు కొట్టింది.

"చుట్టాలొచ్చారాండీ? ఎప్పుడూ లేనిది ఇంత సందడిగా ఉందీ! పాలు కావాలేమోనని అడుగుదామని వచ్చానండి."

"లేదండీ, టెస్టింగ్," అన్నాను.

ఆవిడ నా భుజం మీదుగా లోపలికి చూసి, మనుషులెవరూ కనపడక, సరేనండీ అని వెళ్ళిపోయింది. తలుపు వేసుకుని నవ్వుకున్నాను. తర్వాత ఆ గోల మధ్యలో నేలమీద కూర్చుంటే నవ్వు రాలేదు. ఇంట్లో నలుగురు మాట్లాడుతున్నట్టే ఉంది, ఒక్కరూ నాతో మాట్లాడటం లేదు. ఇంతలో తెరలన్నీ ఒకేసారి ఆగిపోయాయి. కార్డు చేతులెత్తేసింది. ఊడదీసి భూతద్దం పెట్టి చూస్తే పేరొకటి, లోపల చిప్పు మరొకటి.

మళ్ళీ సికింద్రాబాద్. ఈసారి కార్డు చేతికి తీసుకుని, చిప్పు మీది అక్షరాలు కళ్ళారా చదివి కొన్నాను. సర్వర్లలోంచి తీసిన అసలు సరుకు. ఇంటికొచ్చి పెట్టబోతే దాని చివరి ఇనుప రేకు పొడుగు, నా కంప్యూటరు పొట్టి. తాను దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుంది. మూడోసారి వెళ్ళేసరికి దుకాణదారుడు నన్ను చూసి కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. రేకుల డబ్బా మొత్తం బల్ల మీద గుమ్మరించి, పొట్టి రేకు ఒకటి వెతికి బిగించాడు. "గింత పరేషాన్ ఎందుకు మేడం, ఇంట్ల ఆఫీస్ పెడుతున్నరా?" అన్నాడు. ఔనన్నాను. ఒక మనిషి రావడానికని చెబితే బాగుండదు కదా.

ఈసారి ఎంత బరువు పెట్టినా కార్డు బెసకలేదు. ఒక లైను నేనే పీకి చూశాను, రెండోది అందుకుంది. గదిలోంచి బట్టల తీగ తీసేసి, కొత్త దుప్పటి పరిచి, ఆమెకు ఫోన్ చేశాను.

వచ్చింది. మంగళవారం సాయంత్రం ఆఫీసునుంచి రాగానే గదిలోకి వెళ్ళి, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని తలుపు వేసుకుంది. నేను హాల్లో కూర్చుని, ఆమె లైను ఎలా ఉందో తెర మీద చూపించే గీతను చూస్తున్నాను. గీత నిలకడగా ఉంది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. గీత వంగలేదు, తలుపు తెరుచుకోలేదు. అన్నం ప్లేటులో పెట్టి లోపలికి తీసుకెళ్తే, కళ్ళతోనే థాంక్స్ చెప్పింది. బుధవారమూ అంతే.

గురువారం సాయంత్రానికి నాకు విషయం బోధపడింది. పాత రోజుల్లో ఆ తెల్ల డబ్బా పోయినప్పుడల్లా ఆ గదిలోంచి ఆమె "పోయిందే!" అని అరిచేది, ఈ గదిలోంచి నేను తిట్టుకుంటూ లేచేదాన్ని. అది మళ్ళీ లేచేదాకా ఇద్దరం వంటింట్లో నిలబడి టీ పెట్టుకునేవాళ్ళం, ఉస్మానియా బిస్కెట్లు ముంచుకునేవాళ్ళం. ఆమెకు ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పిన సంగతి నాకు చెప్పింది అలాంటప్పుడే. ఫ్లాటు కొంటున్న సంగతీ అలాంటప్పుడే. నెట్ ఉన్నంతసేపూ మేము మాట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. నెట్ పోయిన సమయాన్ని నష్టం కింద రాయడం నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే లెక్క వేశాను.

శుక్రవారం పొద్దున వెళ్ళేముందు ఆమె మొహం వెలిగిపోతోంది. "మస్తుందే నీ నెట్! మూడు రోజుల్ల ఒక్కపారి కూడ కట్ కాలే. మా మేనేజర్‌కు చెప్పిన. ఇంటి కాడ గిట్లాంటి నెట్ ఉంటె కంపెనీతోని తనే మాట్లాడుతడట, రోజూ ఇంటి నుంచే చేసుకోమన్నడు. నాకు గూడ ఒకటి కట్టియ్యవా? ఏ కార్డు కొనాలె, ఏ కంప్యూటర్ కొనాలె, నువ్వే చెప్పు. నాకేం సమజ్ కాదు."

ఆమెకు చిప్పుల సంగతి తెలీదు. పేరు చూసి కొనుక్కో అంటే చాలు, కొంటుంది, నెల తిరక్కుండా అది మొరాయిస్తుంది, మంగళవారం బ్యాగు పట్టుకుని నా గుమ్మంలో ఉంటుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది. రాలేదంటే అబద్ధం. చాలా కమ్మగా వచ్చింది కూడా.

"నువ్వు కొనొద్దు మే, మోసపోతావు. నేను తెస్తా," అన్నాను.

ఈసారి అన్నీ మొదటి ప్రయత్నంలోనే సరైనవి తెచ్చాను. లింగంపల్లి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి ఆటోలో ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బాచుపల్లి చేరాను. తమ్ముడి పిల్లలు స్కూలుకు పోయారు. ఆమె నేల మీద నా పక్కనే కూర్చుని, నేనడిగిన తీగ అందిస్తూ ఉంది. ఎన్నాళ్ళకో అలా ఇద్దరం ఒకచోట కూర్చోవడం. పని నెమ్మదిగా చేశాను.

"ఇగ నీకు తక్లీఫ్ లేదు. శానా ఇబ్బంది పెట్టిన నిన్ను," అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాను. "నెట్ కోసమని కాదు మే. ఊరికే రాకూడదా నువ్వు?"

ఆమె నవ్వింది. నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఊకెనే ఎవరొస్తరే ఈ ట్రాఫిక్‌ల?" అంది. ప్రేమగానే అంది. నిజమే చెప్పింది. ఇంతలో ఆఫీసు వాళ్ళతో మధ్యాహ్నం మీటింగు టైమైంది. భోజనం చేసి పొమ్మని వంటింటి వైపు చూపించి, గదిలోకి వెళ్ళి హెడ్‌సెట్ పెట్టుకుంది.

నాకు ఆకలి లేదు. గది తలుపు సగం తెరిచే ఉంది. పోయొస్తానని సైగ చేస్తే, మాట ఆపకుండానే చెయ్యి ఊపి, ఫోన్ చేస్తానని చెవి దగ్గర వేళ్ళు పెట్టి చూపించింది. చెప్పులు వేసుకున్నాక కూడా కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. లైను తెగితే ఆమె లేచి బయటికొస్తుంది. లోపల ఆమె ఎవరికో లెక్కలు వివరిస్తూ ఉంది, గొంతు ఎక్కడా ఆగలేదు. ఆగదు. కార్డు నేను చూసి తెచ్చిందే కదా.