సావోపాలో వెళ్ళాల్సిన మిరపకాయలు

మొన్న మా చెల్లెలి మనవరాలు నా మంచం మీద చేరగిలబడి, ఒక చేత్తో జంతిక కొరుక్కుంటూ, ఇంకో చేత్తో ఫోను మీద వేలు జరుపుతూ, దక్షిణ అమెరికాలో ఉన్న సావోపాలోకు విమానం టికెట్టు కొనేసింది. ఆఫీసు వాళ్ళు మూడు వారాల శిక్షణకు పంపుతున్నారట. నా ఈడు వాళ్ళు నమ్ముతారో లేదో కాని, జంతిక పూర్తయ్యేలోగా ప్రయాణం ఏర్పాట్లు పూర్తయ్యాయి. అప్పుడు తలెత్తి అడిగింది. "అమ్మమ్మా, నువ్వు వెళ్ళొచ్చిన ఊరేగా, జూలైలో అక్కడ చలి ఎక్కువా?"

నేను కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటించి, స్వెటర్ పెట్టుకోమని మాత్రం చెప్పాను. ఆ ప్రశ్నకు నలభై ఏళ్ళుగా నేను చెబుతూ వచ్చిన జవాబు అదే.

ఎనభైల్లో నేను చిలకలూరిపేట వైపు ఒక నల్లరేగడి పల్లెలో పంచాయతీ బడి పంతులమ్మను. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, నన్నూ చెల్లెల్నీ పెంచింది. పత్తి కాలంలో పత్తి ఏరి, మిరప కాలంలో కాయ కోసి, కల్లాల్లో తొడిమలు తీసి, ఆ చేతుల మంట చల్లారకుండానే మాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. చెల్లెలికి పొన్నూరు సంబంధం కుదిరి వెళ్ళిపోయింది. నాకు పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదో ఇప్పుడు చెప్పుకునే ఓపిక లేదు. బడి, ఆదివారం గుళ్ళో సండేస్కూలు, సాయంత్రం పెద్దమ్మ పక్కన అరుగు మీద కూర్చోవడం, అంతే నా లోకం.

ఊరి చివర మా దళితపేటలో చాలామందికి ఉన్నట్టే నాకూ రెండు పేర్లు. బడి రికార్డులో రత్తమ్మ, గుళ్ళో బాప్తిస్మం పేరు రాహేలు. బడి పేరు మీదున్న కులం సర్టిఫికెట్టుతోనే చదువూ, ఉద్యోగమూ వచ్చాయి, క్రైస్తవులమని కాగితం మీదకెక్కితే అది చెల్లదు. ఈ రెండు పేర్లూ ఒకే కాగితం మీదకు రాకూడదని, వస్తే ఉద్యోగానికి ముప్పని, ఎవరూ నేర్పకుండానే పేటలో ప్రతి పిల్లకూ తెలుసు. మేం ఎవరినీ మోసం చేస్తున్నామని అనుకోలేదు. రెండూ నేనే కదా. ఒక పేరుతో పిలిస్తే సుద్దముక్క పట్టుకుని లేచేదాన్ని, ఇంకో పేరుతో పిలిస్తే పాటల పుస్తకం పట్టుకుని లేచేదాన్ని.

అలాంటి నాకు ఒక సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిలుపు వచ్చింది. సావోపాలోలో సండేస్కూలు టీచర్ల సభలు జరుగుతాయట, మన జిల్లాల నుంచి పల్లెటూరి టీచరు ఒకామె కావాలట. మా పాస్టరు అయ్యగారు నా పేరు పంపారు. అయ్యగారు రాసింది గుడి రిజిస్టరులో ఉన్న పేరే, ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే. రానూపోనూ టికెట్టు అక్కడివాళ్ళే కొని పంపుతారన్నారు. గుంటూరు దాటితే బెజవాడ, బెజవాడ దాటితే నాకు అట్లాసే గతి. ఆ రోజు బళ్ళో అట్లాసు తీసి పిల్లలందరి చేతా సావోపాలో మీద వేలు పెట్టించాను. పాపం ఆ ఊరు వారం తిరక్కుండా చిరిగిపోయింది.

ప్రయాణానికి తయారు కావడమంటే ఇప్పటిలా కాదు, ఆరు నెలల సేద్యం. పాస్‌పోర్టు దరఖాస్తుకు ఫొటో దిగడానికి ఒకసారి, సంతకాలకు నాలుగుసార్లు గుంటూరు వెళ్ళాను. బస్సు మిర్చి యార్డు దగ్గరికి రాగానే దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ అందరూ తుమ్ముతుంటే, ఇక్కడే ఇన్ని ఆపసోపాలు పడేదాన్ని సముద్రాలు ఎలా దాటుతానో అనిపించేది. విచారణకు కానిస్టేబులు వస్తే పేటంతా మా గుమ్మం ముందు నిలబడి, ఆయన అడగని సంగతులు కూడా చెప్పింది. గుంటూరు బ్రాడీపేటలో ట్రావెల్ ఏజెంటు ఒక సన్నటి కాగితం మీద బొంబాయి, లండన్, రియో, సావోపాలో అని వరసగా టైపు చేసి ఇచ్చాడు. దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకుని, ఎవరూ చూడనప్పుడు తీసి చదువుకునేదాన్ని. ముప్పయ్యేళ్ళు దాటిన దాన్ని, పెళ్ళిచూపులకు ముందు పిల్లలా సిగ్గుపడేదాన్ని.

మా సంఘంలో ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం దేవుడికని తీసి పక్కన పెట్టి, ఆదివారం గుడికి తెస్తారు. ఆ ఎండాకాలమంతా వచ్చిన బియ్యం అమ్మి నాకు సూట్‌కేసు, ఉన్ని స్వెటరు, బూట్లు కొన్నారు. కూలి దొరకని రోజుల్లో కూడా తీసిన గుప్పెళ్ళవి. ఇది మీరు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తర్వాత నేను చేసినదానికి వేరే సంజాయిషీ నా దగ్గర లేదు.

పాస్‌పోర్టు ఆలస్యమై, జూన్ నెలాఖరుకు గాని రాలేదు. వీసాకు స్వయంగా బొంబాయి వెళ్తే రెండు రోజుల్లో ఇస్తారని ఏజెంటు చెప్పాడు. పేటంతా గుళ్ళో వీడ్కోలు ప్రార్థన పెట్టి, మెడలో కాగితం పూల దండ వేసింది. బయలుదేరే ముందు పెద్దమ్మ ఒక గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. కల్లంలో ఏరి ఏరి దాచిన ఎండుమిరపకాయలు. మిరపకాయ ఆ దేశాల నుంచే ఓడల మీద మన దగ్గరికి వచ్చిందని నేను పిల్లలకు చెబుతుంటే కిటికీ దగ్గర విన్నదట. "వాళ్ళ కాయ మన చేలో ఎట్టా పండిందో చూపించు. ఒట్టి చేతులతో పోబాకే" అంది.

బొంబాయిలో వీసా కార్యాలయం అధికారి మర్యాదస్తుడే. బడి రికార్డు పేరుతో వచ్చిన పాస్‌పోర్టు ఒక పక్క, గుడి పేరుతో వచ్చిన ఆహ్వానం, టికెట్టు ఇంకో పక్క పెట్టి, నన్ను చూసి, రాహేలు ఎవరని అడిగాడు. నేనేనన్నాను. మరి రత్తమ్మ ఎవరన్నాడు. అదీ నేనేనన్నాను. నవ్వలేదు, కసురుకోలేదు. ఇద్దరూ ఒకరేనని మీ ఊరి మెజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం చేయించి తెమ్మన్నాడు. విమానం ఎల్లుండి. రైల్లో ఊరికి వెళ్ళి రావడానికే మూడు రోజులు. రైలు సంగతి అటుంచి, ఆ కాగితం చేయించే ధైర్యం నాకు మూడు నెలల గడువిచ్చినా వచ్చేది కాదు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే వాన కుండపోతగా కురుస్తోంది. కొత్త బూట్లు తడవకూడదని విప్పి సంచిలో పెట్టుకున్నాను.

వెనక్కి వెళ్ళొచ్చు. వెళ్ళి ఇదీ సంగతి అని చెప్పొచ్చు. కాని ఆ గుప్పెళ్ళు కళ్ళ ముందు మెదిలితే మొహం చెల్లలేదు. ఆడవాళ్ళ హాస్టలులో ఒక మంచం తీసుకుని, రాలేకపోతున్నానని సభలవాళ్ళకు నేనే ఒక ఉత్తరం రాసేసి, తిరుగు ప్రయాణం తేదీ దాకా పద్దెనిమిది రోజులు అక్కడే ఉండిపోయాను. తెలుగువాళ్ళ గుడి ఉందని తెలిసీ, ఊరికి కబురు పోతుందేమోనని ఆ వైపే వెళ్ళలేదు. పద్దెనిమిది రోజులు ఒక్క తెలుగు మాట వినలేదు, అనలేదు. రెండు పేర్లున్న మనిషిని ఒక్క పేరుతోనైనా పిలిచేవాళ్ళు లేరు. మధ్యాహ్నాలు డాబా మీది రేకుల కింద నిలబడి, మబ్బుల్లోకి దూరిపోయే విమానాలను చూస్తూ, ఈపాటికి లండన్, ఈపాటికి రియో అని బైబిల్లోని కాగితంతో సరిచూసుకునేదాన్ని. అంత ఒంటరితనం నేను మళ్ళీ ఎరగను.

చెప్పిన తేదీకి చెప్పినట్టే ఊళ్ళో దిగాను. డప్పులు తెచ్చారు. ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, ప్రభువు క్షేమంగా తీసుకొచ్చాడన్నాను, అంతవరకు నిజమే. తర్వాత అట్లాసూ భూగోళం పుస్తకమూ అందుకున్నాయి. కాఫీ తోటలు, ఆకాశాన్నంటే మేడలు, జూలైలో చలి. ముందు వరసలో బియ్యం తెచ్చిన ఆడవాళ్ళు, తామే చూసొచ్చినంత సంతోషంగా కొంగులు సర్దుకుంటూ విన్నారు. అది చూశాక ఇక ఆగలేకపోయాను, లేని వీధులు కూడా చెప్పాను.

మర్నాడు పొద్దున పెద్దమ్మ సూట్‌కేసు సర్దుతూ మూట బయటికి తీసింది.  ఆ మూట సంగతి నిజంగా మర్చిపోయాను. పెద్దమ్మ ఒక గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది. బాగా ఎండిన కాయలో గింజ గలగలమంటుంది. చప్పుడు రాలేదు. వేళ్ళతో నొక్కి, వాసన చూసింది. నలభై ఏళ్ళు కాయతో బతికిన చెయ్యి అది.

"ఇది ఒక పూట తడిసిన కాయ గాదే. రోజుల తరబడి వాన పట్టిన చోట ఉంది" అంది. నా వంక చూడకుండానే అడిగింది. "యాడున్నావే అన్ని రోజులూ?"

అంత మెత్తగా ఆమె నన్నెప్పుడూ ఏమీ అడగలేదు. చెప్పేస్తే ఒళ్ళోకి తీసుకునేది, నాకు తెలుసు. అయినా, విమానంలో చెమ్మ ఎక్కువ పెద్దమ్మా అన్నాను.

"అవునా" అంది. చాట తెచ్చి కాయలు పరిచి ఎండలో పెట్టింది. బూజు పట్టినవి ఏరి పారేసి, మిగిలినవి పచ్చడి నూరి నాకు అన్నం కలిపి పెట్టింది. ఆ తర్వాత బతికిన ఎనిమిదేళ్ళలో సావోపాలో మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. పేటలో ఎవరైనా ఎత్తితే మాట మార్చేసేది. నన్ను కాచుకుంటోందని నాకు తెలుస్తూనే ఉండేది. ఒక్క అరుగు మీద పక్కపక్కన కూర్చుని, ఆ ఒక్క సంగతికి అటూ ఇటూ ఇద్దరం ఒంటరిగా ఉండిపోయాం. చివరి రోజుల్లో ఆసుపత్రిలో చెబుదామని దగ్గరికి వంగాను, అప్పటికే మాట వినే స్థితి దాటిపోయింది.

నిన్న మనవరాలు బట్టలు సర్దుకుంటుంటే ఉండబట్టలేక చెప్పేశాను. "నేను అసలు వెళ్ళలేదే. బొంబాయిలోనే ఆగిపోయాను." నలభై ఏళ్ళ బరువు దించుతున్నాననుకున్నాను.

అది జిప్పు లాగుతూ, "అయ్యో, అవునా? పోన్లే అమ్మమ్మా, చలి సంగతి ఫోనులో చూసుకుంటాలే" అంది.

దాని తప్పేమీ లేదు. దానికి బళ్ళోనూ గుళ్ళోనూ ఒకటే పేరు, నేను దాచుకున్న భయం ఏమిటో దానికి తెలియకపోవడమే మంచిది. ఎవరి ముందు తలెత్తుకోలేననుకుని అబద్ధం ఆడానో ఆ ఆడవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. తిట్టడానికీ లేరు, పోనీలే అనడానికీ లేరు. దాని ప్రయాణం కోసం ఎవరూ గుప్పెడు బియ్యం తీయలేదు, తీయాల్సిన అవసరమూ లేదు. అది వెళ్ళకుండా ఆగిపోయినా ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. ఎంత సుఖమో అనుకున్నాను గాని, ఎందుకో కళ్ళు చెమర్చాయి.

ఆదివారం పొద్దున్నే కారు వస్తుంది. డప్పులుండవు, దండ ఉండదు. గేటు దాకా వెళ్ళి చెయ్యూపడానికి నేనొక్కదాన్నే ఉన్నాను.