మ్యాచింగ్ దుకాణం మీద ఎర్ర నీడ

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఎండకు మందేసి మా నాయనను కంటి డాక్టరు పాలు చేశాను. ఎలాగో చెబుతాను, మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి.

మార్కాపురంలో మాది జాకెట్టు గుడ్డల దుకాణం. పడమటి ముఖం. చీరకు సరిపోయే రంగు తీయడంలో నాయనకు సాటి లేరు. చీరా గుడ్డా గుమ్మంలో ఎండకు పట్టి, "ఇది చిలకపచ్చ కాదమ్మా, మామిడాకు పచ్చ" అని తేల్చేవాడు. ఒక వేసవిలో ఆ గుమ్మంలోనే కళ్ళు తిరిగి కూలబడ్డాడు.

అంతే, నాకు పితృభక్తి పూనింది. హ్యాండిల్ తిప్పితే చాచుకుని, వెనక్కి తిప్పితే చుట్టుకుపోయే గుడ్డ పందిరి పెట్టిద్దామని ఒంగోలు నుంచి మనిషిని పిలిపించాను.

"బూడిద రంగు తీసుకో అన్నా, మీ వ్యాపారానికి అదే మంచిది" అన్నాడతను.

ఎందుకని అడగాలి కదా? అడిగితే నేను నేనెలా అవుతాను?

"బూడిద ఎవరికి కనపడతాది? ఎరుపు ఎయ్యి! పొదిలి బస్సులో కూచున్నోళ్ళకు కూడా మనదే కనపడాల!"

కనపడింది. నాయన దాని కింద కుర్చీ వేసుకుని, "సల్లగుంది అబ్బయ్యా" అంటే నేను గాలిలో తేలాను.

వారం తిరక్కుండా తర్లుపాడు నుంచి ఒక అక్క దిగింది.

"ఏంది మామా, లేతగులాబీ చీరకు తెల్లగుడ్డ ఇచ్చినావు? రేపే మా పాప నిశ్చితార్థం!"

నాయన పందిరి కింద నిలబడి రెండూ తిప్పి తిప్పి చూశాడు. "రెండూ ఒకటే గదమ్మా?"

"ఒకటేనా? కళ్ళు పోయినాయా మామా?"

ఆమె నవ్వింది. నాయన నవ్వలేదు. "నాకూ అదే అనుమానం తల్లీ. నాలుగు రోజులుగా ఆకుపచ్చ నల్లగా కనపడతా ఉంది." కత్తెర నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వే చూసుకోరా." ఆటో ఎక్కి కంటి డాక్టరు దగ్గరికి పోయాడు.

నేనూ పందిరి కిందే ఆ రెండూ చూశాను. ఒకటే! వంశం మొత్తానికీ వచ్చిందనుకుని హడలిపోయాను. అక్క నా రెక్క పట్టి రోడ్డు మీదికి లాగింది. ఎండలో చీర గులాబీ, గుడ్డ మల్లెపూవు.

"నీ మొగం కూడా ఆడ టమాటా మాదిరి ఉన్నింది తమ్ముడూ" అంది, పందిరి వైపు చూపించి.

తప్పు కళ్ళది కాదు, ఎర్రగుడ్డలోంచి దిగే వెలుగుదని అప్పుడు వెలిగి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. నాయన ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు.

"నాయనా! నీ కళ్ళు బాగుండాయి! నా బుర్రే బాగాలేదు!"

సంగతంతా విని నాయన మూసిన కన్ను తెరిచి నన్ను చూశాడు. ముప్పై ఏళ్ళ విద్య పోయిందని నాలుగు రోజులూ లోలోపల ఏడ్చిన మనిషి! తర్వాత నా భుజం పట్టుకుని కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాడు.

డాక్టరు ఆయన్ను లేపి, ఖాళీ అయిన కుర్చీ నాకు చూపించాడు. "ఆయన కళ్ళు నిక్షేపంగా ఉండాయి. నువ్వు కూచో, నీవి చూస్తా."

అక్కకు గులాబీ గుడ్డ నాయనే ఎండలో చూసి ఇచ్చాడు. పందిరికి బూడిద గుడ్డ వేయించాం. ఇప్పుడు మీ అందరి సాక్షిగా ఒట్టు: ఇక మీదట దుకాణానికి మేకు కొన్నా సరే, దాని రంగు నాయన ఒప్పుకున్నాకే గోడకు కొడతాను.