అమెరికాలో పట్టిన గ్రహణం

గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో మా వాడకట్టులో అందరూ నన్నే అడిగేవారు. నా పుట్టిల్లూ మెట్టిల్లూ చిట్యాల దగ్గర ఒకే నేత వాడలో, నాలుగు ఇళ్ళ దూరంలో ఉండేవి. పంచాంగం చూడడం మా నాన్న నేర్పాడు, ఆయన్ని బాపు అనేదాన్ని. మగ్గం మీద కూర్చుని నేస్తూనే తిథి, వారం, నక్షత్రం నాతో వల్లె వేయించేవాడు. తప్పు చెబితే తిట్టేవాడు కాదు, నేత ఆపి నా వైపు చూసేవాడు. ఆయన పోయాక మార్కండేయ గుడి భజన పెద్దలు ఉగాదినాడు ఆయన పీట మీద నన్నే కూర్చోబెట్టారు. ఆడమనిషి పంచాంగం చదవడమేమిటని ఇద్దరు ముగ్గురు గొణిగారు. నాలుగో ఏటికి వాళ్ళే ముందు వరసలో కూర్చుని, తమ రాశికి ఆదాయమెంత, అవమానమెంత అని నన్ను అడిగారు.

ఆ పీట మీదికే నా యారాలు కన్ను వేసింది. యారాలు అంటే నా మరిది భార్య. మా ఇళ్ళకు మధ్య ఒకటే గోడ. వాళ్ళింటికి పెద్ద ఫోను వచ్చాక ఆమెకు అమెరికా దగ్గరైంది. అక్కడ కూర్చుని తెలుగులో జాతకాలు చెప్పే ఒకావిడ వీడియోలు పొద్దస్తమానం మోగేవి. అక్కడ ఏ పున్నమికి ఏ పేరో యారాలికి నోటికి వచ్చు. చైత్ర పున్నమినాడు గులాబీ చంద్రుడు వస్తాడని చెబితే ఆడవాళ్ళంతా డాబా ఎక్కారు. చంద్రుడు ఎప్పటిలాగే తెల్లగా వచ్చాడు. ఫోనులో చూస్తే గులాబీగానే కనిపిస్తాడని ఆమె చెబితే, తలలు వంచి ఫోనులోనే చూశారు. దిష్టి తగలకుండా గుమ్మానికి గుమ్మడికాయ కట్టే వాడకట్టులో, కార్తీకమాసంలో అమెరికా దయ్యాల పండుగంటూ పిల్లలకు గుమ్మడికాయ ముసుగులు తొడిగి బడికి పంపిందీ ఆమే. చూసి నవ్వుకున్నాను. నవ్వుతో పోయేదని అప్పుడు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా అరుగు మీద నలుగురం నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాం. యారాలు ఫోను తీసి అందరి పుట్టిన తారీకులూ అడిగి, అమెరికా లెక్క ప్రకారం రాశులు చెప్పడం మొదలుపెట్టింది. మొదటామెది మిథునం వచ్చింది. రెండో ఆమెదీ మిథునమే. నాదీ మిథునమే. మమ్మల్ని బడిలో వేసుకున్న సారు అందరికీ జూన్ నెలే రాశాడు, ఆధార్ కార్డు మీదికి అదే ఎక్కింది. బాపు రాసిపెట్టిన నా నక్షత్రం రోహిణి, రాశి వృషభం. ఆ మాటే చెప్పాను. వాడకట్టంతా ఒకే నెలలో పుడితే ఆ ఏడు మంత్రసానికి తిండి తినే తీరిక కూడా ఉండేది కాదన్నాను. అందరూ నవ్వారు. యారాలు నవ్వలేదు.

"మిథునమోళ్ళకు రెండు నాలుకలుంటయంట అక్కా, ఫోన్ల రాసుంది," అంది.

"అది సారు రాసిన తారీకుకుంటది చెల్లె. నాకుండేది ఒక్కటే నాలుక," అన్నాను.

అప్పుడు ఆమె కండె పక్కన పెట్టి, నిదానంగా అంది: "గంత పంచాంగం తెల్సినోళ్ళు. మీ బాపు పెట్టిన ముహూర్తానికే గద పిల్ల పెండ్లి జేస్తిరి. ఏడాది తిరగకముందే పుట్టింటికొచ్చె."

నా బిడ్డ గడపలోనే నిలబడి ఉంది. చేతిలో మా నలుగురికీ చాయ్ ఉంది. ఆ గ్లాసులు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నా బిడ్డ అరుగు మీదికి రావడం మానేసింది. చిన్నప్పటి నుంచి భజనల్లో ఓర్పు గురించి పాడినదాన్ని, పురాణ కాలక్షేపాల్లో పగ పట్టినవాళ్ళు ఏమైపోయారో విన్నదాన్ని. అన్నీ తెలిసే నేను పగ పట్టాను. పొద్దున దీపం పెట్టేటప్పుడు కూడా అదే కోరుకున్నాను: ఆమె నోరు పదిమందిలో మూతపడాలి, నేను చూడాలి.

ఉగాదికి నెల ముందు ఆమె భజన పెద్దల దగ్గరికి వెళ్ళిందని తెలిసింది. ఈసారి చదవడాలు వద్దు, అమెరికా ఆమె చెప్పే రాశిఫలాలు గుడి మైకుకు కలిపి పెడదామని అడిగిందట. ఈ ఒక్క ఏడు చదవనిద్దాం, వచ్చే ఏడు చూద్దామని పెద్దలు అన్నారట. అంటే ఆ ఉగాది దాటేలోగా ఆమె మాటకు విలువ పోవాలి. లేకపోతే బాపు పీట పోతుంది.

దారి ఆమే చూపించింది. ఉగాదికి ముందు రోజు అమావాస్య. ఆ రోజు అమెరికాలో సంపూర్ణ సూర్యగ్రహణం. అక్కడి జనం నల్ల అద్దాలు పెట్టుకుని మైదానాల్లో గుమిగూడతారని వారం ముందు నుంచే ఫోన్లన్నిటిలో అదే గోల. మన గడియారం ప్రకారం అది రాత్రి తొమ్మిది దాటాక మొదలవుతుంది. రెండు రోజుల ముందు బోరింగు దగ్గర యారాలు అందరికీ చెప్పింది: పొద్దున తొమ్మిది నుంచే సూతకం, పొయ్యి వెలిగించొద్దు, గ్రహణం విడిచేదాకా పచ్చి గంగ కూడా ముట్టొద్దు, కడుపుతో ఉన్నవాళ్ళు గదిలోంచి కదలొద్దు.

ఒక ముసలమ్మ మాత్రం అడిగింది. "రాత్రిపూట సూర్యుడు ఏడుంటడే?"

"అమెరికాల ఉంటడు అవ్వా. ఇద్దరు సూర్యుళ్ళున్నరా? గక్కడ పట్టినా గదే సూర్యుడు గద, మనకు తగలదా?" అంది యారాలు. ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. అప్పుడు ఆమె బిందె చంకన పెట్టుకుని నా వైపు తిరిగింది. "ఏమంటవక్కా?"

కనబడని గ్రహణానికి నియమం లేదని చిన్నప్పుడే చదువుకున్నాను. గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివాళ్ళకు శాస్త్రం ఎక్కడైనా సడలింపు ఇస్తుందనీ తెలుసు. నా ఇంట్లో పంచాంగంలో ఆ గ్రహణం గురించే ఒక వాక్యం అచ్చయి ఉంది.

"నీకు తెల్వంది ఏముంది చెల్లె," అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత నాకు ఆ పూట నిద్ర బాగా పట్టింది.

అమావాస్యనాడు పొద్దు ఎక్కేసరికి వాడకట్టులో ఒక్క పొయ్యి పొగ లేదు. మగ్గాల చప్పుడూ లేదు. ఎండ మండుతోంది. యారాలి బిడ్డ ఏడో నెల గర్భిణి, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆమెను గోడ అవతలి గదిలో కూర్చోబెట్టి, వెలుతురు పడకుండా కిటికీలు మూసి, వాటికి దుప్పట్లు కట్టారు. ఆ పూట ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మా తలుపు గడియ పెట్టుకుని పప్పు వండి, అన్నం పెట్టుకుని తిన్నాను. నియమం లేని రోజు తినడం తప్పు కాదు. అయినా పోపు వాసన బయటికి పోకుండా కిటికీ మూశాను.

తింటుండగానే గోడ అవతల నుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "అమ్మా, జర నీళ్ళన్న ఇయ్యవే." వాళ్ళమ్మ ఏదో సముదాయించింది. కొంతసేపటికి మళ్ళీ అడిగింది. నేను చెయ్యి కడుక్కుని నిలబడ్డాను. గోడ మీద రెండుసార్లు తట్టి, ఇయ్యి చెల్లె, ఏం గాదు అంటే అయిపోయేది. గడప దాకా వెళ్ళాను కూడా. అక్కడ నా బిడ్డ చాయ్ గ్లాసులు కింద పెట్టిన చోటు కనిపించింది. వెనక్కి వచ్చి విస్తరి తీశాను.

నాలుగు గంటలకు కేకలు వినిపించాయి. పిల్ల స్పృహ తప్పింది. నా మరిది, ఇంకొకాయన కలిసి చేతుల మీద మోసుకొచ్చి ఆటోలో వేశారు. చెమటకు జుట్టంతా నుదుటికి అంటుకుని ఉంది. దవాఖానలో సెలైన్ పెట్టారనీ, కడుపులో బిడ్డకు ఏమీ కాలేదనీ పొద్దు గూకే వేళకు కబురు వచ్చింది. ఆ కబురు వచ్చేదాకా నేను దేవుడి పటం ముందు నుంచి లేవలేదు. ఏమని మొక్కానో నిజమే రాస్తాను. పిల్ల బతకాలని మొక్కాను. బతికితే రేపు గుడిలో ఆ గ్రహణం వాక్యం చదువుతానని కూడా మొక్కాను.

మరుసటి సాయంత్రం గుడి నిండింది. యారాలూ వచ్చింది, పిల్లను వెంట తీసుకుని వచ్చింది. పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. కొత్త పంచాంగం విప్పే ముందు నేను సంచిలోంచి పాత ఏటి పంచాంగం తీశాను. నిన్న గడిచిన గ్రహణం గురించి ఒక మాట ఉంది, వినండి అన్నాను. ఆ గ్రహణం మన దేశంలో కనబడదనీ, కనుక మనవాళ్ళు ఏ నియమమూ పాటించే పని లేదనీ అందులో ఉన్న వాక్యం మైకులో చదివాను. అర్థం కాలేదేమోనని రెండోసారి కూడా చదివాను. నా కళ్ళు పుస్తకం మీద లేవు, యారాలి మీద ఉన్నాయి.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు. "అమెరికా గ్రహణానికి చిట్యాలల ఉపాసముంటిమి." గుడంతా నవ్వు. యారాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మెడ మీద నరాలు లేచాయి. నేను ఎన్ని నెలలు కోరుకున్నానో సరిగ్గా అదే జరిగింది, నేను చూస్తుండగానే జరిగింది.

నవ్వు తగ్గాక గోడ దగ్గర నుంచి ఆ పిల్ల గొంతు వచ్చింది. గట్టిగా కాదు. "పెద్దమ్మా, గీ పుస్తకం నిన్న నీ దగ్గర్నే ఉండెనా?"

గుడిలో, దేవుడి ముందు, బాపు పీట మీద కూర్చుని అబద్ధం ఆడలేను. "ఉండె బిడ్డా," అన్నాను.

"నేను నీళ్ళడుగుతుంటే నీకు ఇనబడ్డదా?"

మైకు ఆన్‌లోనే ఉంది. "ఇనబడ్డది."

యారాలు లేచింది. కూతురి చెయ్యి పట్టుకుని లేపి, జనం మధ్య నుంచి నెమ్మదిగా తీసుకెళ్ళింది. నేను కొత్త పంచాంగం విప్పి పన్నెండు రాశులూ చదివాను. తమ రాశికి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. ప్రసాదం పెట్టేటప్పుడు భజన పెద్దాయన పీటను తనే తీసి లోపల పెట్టాడు. మరుసటి ఏడు నన్ను పిలవలేదు. వీడియో కూడా పెట్టలేదు, పట్నం నుంచి ఒక పంతులును పిలిపించుకున్నారు.

ఆ ఉగాది తర్వాత వచ్చిన ఏకాదశికే నేను ప్రాయశ్చిత్తం పెట్టుకున్నాను. కిటికీలు మూసి, దుప్పట్లు కట్టి, అదే ఎండలో, పొద్దున నుంచి నీటి చుక్క ముట్టకుండా కూర్చున్నాను. మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ పిల్ల అడిగిన నీళ్ళు గుర్తొచ్చి ఏడ్చాను. నారాయణా, క్షమించు అన్నాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ కళ్ళు తుడుచుకుంటుండగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న యారాలి ముఖం కూడా కళ్ళ ముందు నిలిచింది. అప్పుడు నా ఎండిన నోట్లో ఎక్కడి నుంచో నీళ్ళు ఊరాయి. వాటిని మింగాను. ఉపవాసం అక్కడే చెడిందని నాకు తెలుసు.