మొదటి ముద్ద

మా తోడికోడలు పోయింది. మొన్న సాయంత్రం ఆమె భర్త, మా బావగారు, మేమిప్పుడు ఉంటున్న తాండూరులో రైలు దిగి, నేరుగా మా ఇంటికొచ్చి, గడపలోనే కూలబడి ఆ మాట చెప్పారు. అప్పటి నుంచి పలకరించడానికి వచ్చినవాళ్లంతా "పాపం, ఎంత బాధపడ్డదో" అంటున్నారు. పాపం అనే మాట ఆమెకు నప్పదు. ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో, మర్పల్లి పక్కన గొర్రెలు కాసే ఇంటికి నేను చిన్న కోడలినై వెళ్లాను. ఆమె పెద్ద కోడలు. అక్కా అని పిలిచేదాన్ని. గొర్రె చేతికి చిక్కితే ముందు ఒళ్లంతా తడిమేది. ఎక్కడైనా పుండు పక్కు కట్టి ఉంటే గోటితో లేపి చూడందే వదిలేది కాదు. "మీద ఎండితే మానినట్టేనా? లోపల సూడాలె" అనేది. నా కాలికి ముల్లు విరిగినప్పుడు నన్నూ అలాగే ఏడిపించింది.

కొన్నేళ్లకు ఆమెకు నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. ఆకు పసర్లు, తాయెత్తులు అన్నీ అయ్యాయి. మనిషి సగమైంది. చివరికి బావగారు వికారాబాద్ దవాఖానకు తీసుకెళ్లారు. తోడు నేను వెళ్లాను. డాక్టరు లైటున్న గొట్టం పెట్టి చూసి, పెద్దపేగు లోపలి పొరంతా పుండ్లు పడిందనీ, దీన్ని పేగుపూత అంటారనీ చెప్పాడు. "మందు వాడితే ముందు నెత్తురు ఆగుతుంది. అంతమాత్రాన మానినట్టు కాదు. వచ్చే నెల మళ్లీ రా. లోపల చూసి, ఇది మానే పుండో, పేగు కోసి తీసేయాల్సిన పుండో చెప్తాను. కారం, మాంసం ముట్టొద్దు" అన్నాడు.

ఆయన అన్నట్టే నెత్తురు ఆగింది. ఇంట్లో ఒకటే సంబరం. మా అత్తగారు పోచమ్మకు మొక్కుకున్న యాటను మందలోంచి పట్టించి కోయించింది. జబ్బు నయమైన మనిషి మొదటి ముద్ద తింటేనే మొక్కు తీరినట్టు. అందాకా పంక్తిలో ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. ఆ ఇంటి ఆనవాయితీ అది. చుట్టాలంతా కూర్చున్నారు. అక్క మాత్రం విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది.

"తిను బిడ్డా, తల్లి నయం జేసింది" అంది అత్తగారు.

"నయమైందో కాలేదో నాకు తెల్వదత్తా. డాక్టరు సూసి చెప్పినంక తింట."

"మళ్ల మొగ డాక్టరుకు సూపెడతవా? సిగ్గు శరం లేదా?"

"నెత్తురు పోయేటప్పుడు మీ సిగ్గొచ్చి ఆపిందా? పేగు నాది. పోయేది నా పానం."

"తల్లికి కోపమొస్తది" అన్నాడు ఓ ముసలాయన.

"కోపమొస్తే నాతోనే సూసుకుంటది, నువ్వు ఫికర్ జేయకు" అని లేచి పోయింది. కూరంతా చల్లారిపోయింది. నాకు భయమేసింది. గర్వంగా కూడా అనిపించింది.

నెల నిండగానే మేమిద్దరమే రైలెక్కాం. అలిగి బావగారు రాలేదు. డాక్టరు చాలాసేపు చూశాడు. "పుండ్లు ఇంకా ఉన్నాయి. కానీ అంచులు శుభ్రపడ్డాయి, తగిలితే నెత్తురు రావడం లేదు. మందు ఆపకపోతే ఇది మానే పుండే" అన్నాడు. అక్క గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే.

ఆయన అంచనా తప్పలేదు. మరుసటి ఏడు చూస్తే లోపల నున్నగా ఉందన్నాడు. కానీ తిరగబెట్టే జబ్బు, నోరు కట్టుకోమన్నాడు. కట్టుకుంది. గొర్రెల వెంట మా అందరికంటే ముందు నడిచింది. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. అత్తగారు దెప్పినప్పుడల్లా "తింట తియ్, జల్దేమున్నది" అనేది.

ఎన్నో ఏళ్లు బాగానే ఉండి, ఈ ఏడు జబ్బు తిరగబెట్టింది. జుట్టు నెరిసిపోయిన ఆ డాక్టరే మళ్లీ చూశాడు. "ఈసారి మానదమ్మా. కోతకు నీ ఒళ్లు తట్టుకోదు" అన్నాడు. అక్క చీర సర్దుకుని, "ఉన్నదున్నట్టు చెప్పినవు సారూ, గది చాలు" అంది.

ఇంటికి రాగానే యాటను కోయమంది. బావగారు వద్దంటూ ఏడ్చారు.

"మానుతదంటే నోరు కట్టుకున్న. మానని దానికి ఎందుకు కట్టుకోవాలె? కారం మస్తు ఏయుండ్రి."

పంక్తి వేయించింది. చూపు ఆనని అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే కారానికి కళ్ల నీళ్లు కారాయి. "అత్తా, నీ మొక్కు తీరింది. ఇగ తినుండ్రి" అంది. ఎవరికీ ముద్ద దిగలేదు. ఆమె మాత్రం మూలుగు నిండిన నల్లిబొక్క అడిగి వేయించుకుని, చప్పుడయ్యేలా జుర్రింది. తర్వాత ఆ బొక్కను వాకిలి వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి, లోపల ఇంకేమైనా మిగిలిందా అని చూసింది.